నడిమి బంతి ఎవరిది?

"నా రాకెట్లు నాకిచ్చెయ్యి అక్కా. గటింగ్ అయినా సరే, కాకపోయినా సరే."

తమ్ముడు పిచ్చుక సంచీ జిప్పు లాగిన లాగుడికి అది ఊడి చేతిలోకొచ్చింది. ఊడిన ముక్కను ఒక్క క్షణం చూసుకుని దాన్ని కూడా సంచీలోనే పడేశాడు.

అక్క మిషను దగ్గర్నుంచి లేవలేదు. ముందుగదిలో సగం, రాకెట్లకు తీగలు అల్లే ఆ గటింగ్ మిషనే ఆక్రమించుకుంది. దాని దవడల మధ్య బిగించి ఉన్న రాకెట్ తమ్ముడిదే. నిలువు తీగలు అయిపోయాయి, అడ్డతీగలు సగంలో ఉన్నాయి. ఇప్పుడు విప్పి చేతికిస్తే అది దేనికీ కొరగాదని ఆమెకూ తెలుసు, వాడికీ తెలుసు.

"సగంలో ఉందిరా."

"సగంలోనే ఇయ్యి. ఈ ఇంట్లో నాకు దక్కేవన్నీ సగాలేగా."

ఎదురుగా కుర్చీలో బావ కూర్చుని ఉన్నాడు. భుజం మీద ఐసు సంచీ. అది కరిగి మోచేతి మీదుగా నేల మీదకి బొట్టుబొట్టుగా కారుతోంది. ఆయన ఆ నీళ్ళకేసే చూస్తున్నాడు తప్ప తలెత్తడం లేదు. మాట పడినప్పుడు మాట తిరిగిచ్చే మనిషి కాడు ఆయన. కోర్టుల్లో అందరూ 'గోడ' అని పిలిచేది ఎంత కొట్టినా బంతి తిరిగొస్తుందని. ఇంట్లో మాత్రం గోడంటే గోడే, ఏం విసిరినా తిరిగిరాదు.

"మాట్లాడవేం బావా? నిన్న కోర్టులో గొంతు బాగానే లేచిందిగా! నాది! నాది! నాది! పక్క కోర్టువాళ్ళు ఆట ఆపి మనకేసి చూశారు. నేనెందుకు మరి అక్కడ? బంతులు ఏరిపెట్టడానికా?"

"పిచ్చుకా, నెమ్మది," అంది అక్క.

"నువ్వుండక్కా! ఈయన్నే అడుగుతున్నా. నడిమి బంతి ఎవరిది బావా? చెప్పు. మన ఒప్పందం ఏంటి?"

టెన్నిస్ జంటల ఆటలో ఇద్దరి మధ్యగా వచ్చే బంతికి ఒక్కటే న్యాయం. 'నాది' అని ఒకడు అరిస్తే రెండోవాడు తప్పుకోవాలి. 'నీది' అని అరిస్తే వాడే తీసుకోవాలి. ఇద్దరూ నోరు మూసుకుంటే అది ఎదుటివాళ్ళ పాయింటు. అక్కకు పెళ్ళయిన మర్నాడు బావ తన బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని, "మీ అక్కని నేను తీసేసుకున్నాను. నీకు అన్యాయం జరక్కూడదు కదా! ఇవాళ్టినుంచి నడిమి బంతి నీకు రాసిచ్చేస్తున్నా," అన్నాడు. ఇల్లంతా నవ్వింది. ఆ నవ్వులాటే తర్వాత వాళ్ళ ఆటకు చట్టమైంది. నడిమి బంతి వస్తే బావ 'నీది' అనేవాడు, వలదగ్గర పిచ్చుక గాల్లోకి లేచేవాడు. ఆ ఒక్క మాట మీద ఇద్దరూ ఎన్ని ఊళ్ళు తిరిగారో, ఎన్ని రైలు బెర్తుల మీద సర్దుకు పడుకున్నారో.

"అక్కని తీసుకున్నావు, సరే. ఇప్పుడు నడిమి బంతి కూడా నీదేనా?"

బావ భుజం మీది సంచీ సర్దుకున్నాడు. "నిన్న గాలి ఎక్కువగా ఉంది," అన్నాడు.

"మొన్న?"

బావ మోచేతి మీది నీళ్ళు తుడుచుకున్నాడు.

"అంతకుముందు వారం? అప్పుడూ గాలేనా? చెయ్యెత్తి చొక్కా దండెం మీద వెయ్యలేవు, అక్క వేస్తుంది. ఆ చేత్తో నా బంతులు కూడా నువ్వే కొడతావు. కొట్టి వలకేస్తావు. ఓడిపోతాం. పోయినేడాది ఇదే వారం ఫైనల్ దాకా పోయి తెచ్చుకున్న పాయింట్లు ఏడాది నిండి ఈ సోమవారంతో రాలిపోతున్నాయి బావా! రాలిపోయాక మన ఇద్దరి ర్యాంకులు కలిపి చూపించినా పెద్ద టోర్నమెంటు గుమ్మంలోకి కూడా రానివ్వరు."

"తెలుసు."

"తెలిసి?"

గుమ్మం పక్కన కింద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్న అత్తగారు ఒక తువ్వాలును అవసరానికి మించి దులిపారు. బావ తల్లి ఆవిడ. కొడుకు మీద మాట పడుతుంటే ఆవిడ చేతుల్లో బట్టలకు చావుదెబ్బలు తగులుతాయి.

పిచ్చుక గొంతు తగ్గించాడు. తగ్గించినప్పుడే వాడి మాట ఎక్కువ గుచ్చుకుంటుంది.

"పొడుగాయన అడిగాడు నన్ను, తనతో జంటగా ఆడమని. ఆయన జతగాడికి మోకాలు ఆపరేషనట. ఆయన ర్యాంకుతో నా ర్యాంకు కలిపితే పై మెట్టు టోర్నమెంటులో అర్హత పోటీలు లేకుండా నేరుగా మెయిన్ డ్రా. ఇవాళ సాయంత్రానికి ఎంట్రీలు మూసేస్తారు. ఈలోపల ఫోన్ చేస్తానన్నాడు. సరే అనబోతున్నా."

అక్క చేతిలో తీగ జారిపోయింది. మొగుడు ఒకవైపు, తోడబుట్టినవాడు ఒకవైపు. అడకత్తెరలో పోకచెక్క అంటారు చూడండి, ఆమె బతుకు ఇవాళ అచ్చంగా అదే.

బావ మొట్టమొదటిసారి తలెత్తాడు. "ఆయనతో వద్దు."

"ఎందుకొద్దు?"

"ఆయన నడిమి బంతి నీకే వదిలేస్తాడు."

పిచ్చుక నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం చెంచాడు కూడా లేదు. "అదేగా బావా నాకు కావాల్సింది!"

విసురుగా బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర అత్తగారి పక్కనున్న టీ గ్లాసు వాడి కాలికి తగిలి ఎగిరి గోడకు కొట్టుకుని పగిలింది. మడతపెట్టిన బట్టల మీద టీ చిందింది.

"అయ్యో, అక్కడెందుకు పెట్టారు అత్తయ్యగారూ?"

"పొద్దుట్నుంచీ నేనిక్కడే కూర్చున్నాను నాయనా! గ్లాసు సరే, నేనేమన్నా చీమనా కనబడకపోవడానికి?"

వాడు ఏదో గొణుక్కుంటూ మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళిపోయాడు.

* * *

అక్క గాజుపెంకులు ఏరుతోంది. అత్తగారి నోటికి మూత పడలేదు.

"కళ్ళు నెత్తికెక్కాయి అమ్మాయ్ మీ తమ్ముడికి. పేపర్లో అంగుళం పేరు పడేసరికి మనుషులు ఆనడం లేదు. మొన్న వాడు మెట్లు దిగుతుంటే పక్కగా నిలబడ్డాను. నవ్వుతూ చెయ్యి ఊపాను. ఉహూ! రాజుగారు చూడనైనా చూళ్ళేదు."

"వాడి ధ్యాస ఆట మీద ఉంటుంది అత్తయ్యా."

"ఆటంటే నా కొడుకూ ఆడుతున్నాడు. వాడు మనుషుల్ని పలకరించడం లేదా?"

ఈ మాట అక్కకు కొత్త కాదు. కోర్టుల దగ్గర ఇంకా ఘాటుగానే అంటున్నారు. ఫలానా రిఫరీ నమస్కారం పెడితే తీసుకోలేదట. పాత జతగాడు చెయ్యి చాపితే పక్కనుంచి పోయాడట. ఆమె కూడా వాణ్ణి కూర్చోబెట్టి గడ్డి పెట్టింది. 'గెలుపు రాకముందే గర్వం వస్తే ఎలారా' అంది. వాడు తెల్లబోయి, 'ఎవరక్కా? ఎప్పుడు?' అన్నాడు. అబద్ధమాడుతున్నాడనుకుంది.

"అదొక్కటేనా," అత్తగారు టీ మరక పడిన చొక్కాను విదిలించి చూపించారు. "ఈ చొక్కాలు ఉతకలేక చస్తున్నాను. ఇంకెక్కడా మాయదు, ఎడమ భుజం ఒక్కటే! చూడు, అంతా సున్నం. మెట్ల గోడకి రాసుకుంటూ నడుస్తాడో ఏమో, చిన్నపిల్లాడిలా."

అక్క చెయ్యి ఆగిపోయింది.

పెంకులు కింద పెట్టి చొక్కా అందుకుంది. ఎడమ భుజం మీద తెల్లటి చార. కింద ఉన్న చొక్కా లాగింది. దాని మీదా అంతే. ఉతికినా పోని సున్నం, అదే భుజం మీద, అదే చోట.

ఇలాంటి చొక్కాలు ఆమె ఇదివరకు ఉతికింది.

నాన్న క్లబ్బులో కోర్టులకు గీతలు గీసేవాడు. అందరూ 'గీతలాయన' అని పిలిచేవారు. దారం కట్టకుండా, కంటిచూపుతోనే, ఈ మూలనుంచి ఆ మూలకు తాడు లాగినట్టు గీత వేసేవాడు. ఒక ఏడు ఆ గీతలు వంకరపోవడం మొదలుపెట్టాయి. తాగుతున్నాడన్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషిని పట్టుకుని తాగుబోతని పనిలోంచి తీసేశారు. ఇంట్లో కూడా గోడను ఆనుకుని నడిచేవాడు. ఎడమ భుజం మీద ఎప్పుడూ సున్నమే. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే కళ్ళు తిప్పేవాడు కాదు, తలమొత్తం తిప్పి చూసేవాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి కాలం మించిపోయింది. నీటికాసులన్నాడు డాక్టరు. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పీ గిప్పీ లేకుండా, పక్కలనుంచి చూపును కొరుక్కుంటూ వస్తుందట. సగం పోయేదాకా మనిషికే తెలియదట. 'పోయిన చూపు దేవుడొచ్చినా తేలేడు. ఉన్నదాన్ని కాపాడొచ్చు, ముందే వచ్చుంటే. మీ పిల్లలకీ చూపించుకోండి,' అన్నాడు. అక్క చూపించుకుంది. పిచ్చుకకు ఎప్పుడూ ఏదో ఒక టోర్నమెంటు అడ్డొచ్చింది. తర్వాత చూద్దాంలే అక్కా అనేవాడు, ఆమె కూడా సరేలే అనేది.

"అత్తయ్యా, మొన్న మెట్ల మీద మీరు ఎటుపక్క నిలబడ్డారు?"

"ఎటేమిటే? వాడి ఎడమచేతి పక్క. ఎందుకూ?"

అక్క చెప్పలేదు. చొక్కా అత్తగారి ఒళ్ళో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. టీ కలిపింది. చక్కెర వేసిందో లేదో ఆమెకు గుర్తులేదు.

* * *

పిచ్చుక మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని ఉన్నాడు. ఫోన్ చేతిలో లేదు, కిందే మిషను దగ్గర మర్చిపోయి వచ్చాడు. ఎదురుగా దూరంగా క్లబ్బు కోర్టులు కనిపిస్తున్నాయి. ఎవరో సర్వీసు ప్రాక్టీసు చేస్తున్నారు. బంతి తగలడం ముందు కనబడుతోంది, చప్పుడు తర్వాత వినబడుతోంది.

అక్క చెప్పులు మెట్ల మీదే విడిచింది. చప్పుడు కాకుండా వెళ్ళి వాడి ఎడమపక్కన, కాస్త వెనగ్గా నిలబడింది. టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి వాడి చెంప దగ్గరకి చాపింది.

చూడరా తండ్రీ. ఒక్కసారి చూడు. ఎందుకొచ్చావని కసురుకో, ఫరవాలేదు.

వాడు చూడలేదు.

చెయ్యి ఇంకా ముందుకు పెట్టింది. మామూలు మనిషైతే ఉలిక్కిపడే దూరం. వాడు కోర్టులకేసి చూస్తూ గోళ్ళు కొరుక్కుంటున్నాడు. టీ ఆవిరి గాలికి అటువైపు తిరిగింది కాబోలు, ముక్కు ఎగబీల్చాడు. అప్పుడు తిరిగాడు. కళ్ళు కాదు, తలమొత్తం తిప్పాడు. నాన్న తిప్పినట్టే.

"అమ్మో! ఎప్పుడొచ్చావే? దెయ్యంలా!"

అక్క నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఇప్పుడే," అంది.

"బావ తరఫున రాయబారమా?"

"టీ తాగు."

"చక్కెర లేదిందులో."

"కలుపుకుని తాగు, కిందకొచ్చి."

"అక్కా." వాడు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "నేను బావని వదిలేస్తున్నానని నీకు కోపంగా ఉందా? నాకు మాత్రం బాధ లేదనుకున్నావా? నాన్న పోయాక నా చేతిలో రాకెట్ జారిపోకుండా పట్టుకున్నది బావే. కానీ ఆ మనిషి నన్ను నమ్మడం మానేశాడే. పక్కన నిలబెట్టుకుని నమ్మకపోతే ఎంత అవమానమో నీకు తెలీదు."

అక్క వాడి తలమీద చెయ్యి వేసింది. ఏదన్నా అంటే ఏడుస్తానని భయపడి, ఏమీ అనకుండా మెట్లు దిగింది. దిగుతున్నంతసేపూ గోడకేసి చూడకుండా ఉండడానికి ప్రయత్నించింది. ఆ గోడ మీద సున్నం ఒకేచోట, భుజమెత్తున, పొడుగ్గా అరిగిపోయి ఉంది.

* * *

బావ ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఐసంతా నీళ్ళయిపోయింది.

"మీకెప్పట్నుంచి తెలుసు?" అంది అక్క.

ఏమిటని ఆయన అడగలేదు. ఆ అడగకపోవడంతోనే ఆమెకు తెలిసిపోయింది. అంతవరకూ ఎక్కడో చిన్న ఆశ ఉంది, ఈయనకు తెలియదేమోనని.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. ఆ దొంగ తన పక్కనే పడుకుని, తన చేత్తోనే భుజానికి మందు రాయించుకున్నాడు.

"ఈ ఏడాది ఆటలు మొదలైన కొత్తల్లో," అన్నాడు బావ. "నడిమి బంతి వచ్చింది. నీది అన్నాను. వాడు కదల్లేదు. బంతి వాడి మోచేతి పక్కనుంచే పోయింది. నావైపు తిరిగి, 'బంతి ఎటు పోయింది బావా?' అన్నాడు. వేళాకోళమనుకున్నా. వాడి మొహం చూస్తే వేళాకోళం కాదు."

"అప్పట్నుంచేనా మీ నాది, నాది?"

తలూపాడు.

"ఎవర్నన్నా అడిగారా?"

"పొద్దున ఆటకొచ్చే కళ్ళ డాక్టరుగారిని అడిగాను. మీ నాన్నగారి సంగతీ చెప్పాను. వెంటనే తీసుకురమ్మన్నాడు."

"తీసుకెళ్ళారా?"

"ఒక్క టోర్నమెంటు అయ్యాక అనుకున్నా. అది అయ్యాక ఇంకొకటి. ర్యాంకు గుమ్మం దాకా వచ్చింది. ఇంకొక్క వారం గెలిస్తే మెయిన్ డ్రా. ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా మా ఇద్దరి పేర్లు ఆ పై మెట్టు మీద చూడాలని... ఆగితే పాయింట్లు రాలిపోతాయి."

"రాలిపోతున్నవి పాయింట్లేనా?"

ఆయన కరిగిపోయిన ఐసు సంచీని నేల మీద పెట్టాడు.

"మా నాన్నకి అన్నం ముద్ద కలిపి చేతిలో పెట్టినదాన్ని నేను. ఆయన చెయ్యి గోడ వెతుక్కుంటుంటే చూసినదాన్ని. అది మీకు తెలుసు. తెలిసి కూడా..."

"వాణ్ణి కంటికి రెప్పలా చూసుకున్నాను!" బావ కుర్చీలో ముందుకు వంగాడు. "ఈ భుజం చూడు. డాక్టర్లు ఆట ఆపెయ్యమన్నారు నన్ను. ఇంజెక్షన్ల మీద ఆడుతున్నా. వాడివైపు వచ్చే ప్రతి బంతీ నేనే తీసుకున్నా. వాడి మొహానికి ఒక్కటి తగలనిచ్చానా?"

"రెప్పలా కాదు. గంతలు కట్టారు వాడి కళ్ళకి."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని అంత మాట ఎన్నడూ అనలేదు. బావ దెబ్బ తిన్నవాడిలా చూశాడు. నొప్పి చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. ఆ మనిషిని చూస్తే జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే అసహ్యమూ వేసింది. చెడ్డవాడైతే ఎంత బాగుండేది! తిట్టి చేతులు కడుక్కునేది.

"నేను చెప్తాను వాడికి," అన్నాడు చివరికి. "నేనే చెప్తాను. సాయంత్రం ఎంట్రీలు ముగిశాక..."

"ఇంకా ఎంట్రీలేనా!"

"అది కాదు. పొడుగాయనకి సరేనంటే వాడు అక్కడ చచ్చేట్టు దెబ్బలు తింటాడు. ఆయన వలదగ్గర వీణ్ణి నిలబెట్టి నీది నీది అంటాడు. ఎదుటివాళ్ళు రెండు ఆటల్లో కనిపెట్టేస్తారు, ఎడమకే కొడతారు. ఈ ఒక్క ఎంట్రీ నాతో వెయ్యనీ. నేను చూసుకుంటాను. ఆ తర్వాత..."

దగ్గు వినబడింది. అత్తగారిది. ఆవిడ చేతిలో మడతపెట్టిన చొక్కా అలాగే ఉంది. చాలాసేపట్నుంచి దాన్ని ఊపుతూ ఏదో సైగ చేస్తున్నారు, వీళ్ళిద్దరూ గమనించలేదు.

గుమ్మంలో పిచ్చుక నిలబడి ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు. చక్కెర కోసం దిగి వచ్చాడు.

* * *

కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి కిక్కు మీద కిక్కు కొడుతున్నారు. అది పలకడం లేదు.

"బావా." పిచ్చుక గొంతు మామూలుగానే ఉంది. మామూలుగా ఉండడమే భయంగా ఉంది. "ఆ రోజు బంతి నిజంగా ఎటు పోయింది?"

"నీ పక్కనుంచేరా."

"ఎంత దగ్గరగా?"

"ఎందుకురా ఇప్పుడు..."

"ఎంత దగ్గరగా?"

"నీ చొక్కా కదిలింది."

పిచ్చుక గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు. వంగి, తలమొత్తం తిప్పి, చోటు చూసుకుని మరీ పెట్టాడు. తర్వాత లేచి నిలబడి, అరచెయ్యి ఎత్తి కుడికన్ను మూసుకున్నాడు.

అక్క ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది.

"అక్కా, నీ మొహం ఉంది," అన్నాడు నెమ్మదిగా. "చిన్న కిటికీలోంచి చూసినట్టు. ముక్కు ఉంది. బొట్టు ఉంది." ఆగాడు. "బావ ఎక్కడ? కుర్చీలో ఉన్నాడా ఇంకా?"

"ఉన్నాడురా."

"లేడక్కా. కుర్చీ కూడా లేదు. నల్లగా ఏం లేదు, అసలు అక్కడేదో ఉండాలనే అనిపించట్లేదు. అంతా నిండుగానే ఉంది... మీరే లేరు." చెయ్యి ఇంకా కంటిమీదే ఉంది. "అత్తయ్యగారూ లేరు."

అత్తగారు లేచారు. మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని లేవడానికి ఆవిడకు ఎప్పుడూ ఎవరో ఒకరు సాయం చెయ్యాలి. ఇవాళ ఒక్కరే లేచి, ముందునుంచి చుట్టూ తిరిగి వాడి కుడిపక్కకి వచ్చి, ఆ చెయ్యి కంటిమీంచి దించి తన చేతుల్లోకి తీసుకున్నారు.

"ఇక్కడే ఉన్నాను నాయనా," అన్నారు. "నోటికొచ్చినట్టు కూశాను. నా నోరు పడిపోను. నీ కళ్ళు నెత్తికెక్కాయన్నాను."

"ఎక్కుంటే బాగుండేది అత్తయ్యగారూ," అన్నాడు పిచ్చుక. "అక్కణ్ణుంచయినా కనబడేది."

నవ్వించాలనే అన్నాడు. అత్తగారు భోరుమన్నారు.

బావ కుర్చీలోంచి లేచి రెండడుగులు వేసి మధ్యలో నిలబడిపోయాడు. "పిచ్చుకా, నేను... నిన్ను ఆడనివ్వాలనేరా. ఆట పోతే నువ్వేమైపోతావోనని."

"నాకు చెప్పుంటే నేను ఆగేవాణ్ణా బావా? ఆడదాం పద అనే అనేవాణ్ణేమో." వాడి కళ్ళు నిండాయి. "కానీ ఆ మాట నన్ను అననివ్వలేదు నువ్వు. నువ్వు నన్ను నమ్మడం మానేశావని రోజూ పడుకుని ఏడ్చాను. ఆటలో నాదేం తప్పో తెలీక, పొద్దున్నే లేచి ఒక్కణ్ణే గోడకి బంతులు కొట్టుకున్నాను. ఒక్క ముక్క చెప్పుంటే పోయేదిగా."

బావకు జవాబు లేదు. ఈసారి ఊరుకోవడం ఆయన స్వభావం వల్ల కాదు. చెప్పడానికి నిజంగా ఏమీ లేదు.

"ఎంత మిగులుతుంది బావా? డాక్టరు ఏమన్నాడు?"

"ఇప్పుడొస్తే... ఉన్నది ఉంచుతానన్నాడు. కుడికన్ను కూడా చూడాలన్నాడు. ఎండలో పరుగులు, బరువులెత్తడం... కొన్నాళ్ళు అన్నీ మానాల్సి రావొచ్చన్నాడు."

"ఇప్పుడంటే, డాక్టరు చెప్పిన ఆ రోజు ఇప్పుడా? ఈ రోజు ఇప్పుడా?"

అక్క మిషను కడ్డీ పట్టుకుని నిలబడింది. సగం అల్లిన తీగలు ఆమె వేళ్ళ కింద వదులుగా కదిలాయి. లాగి కట్టినదాన్ని మధ్యలో వదిలేస్తే బిగువు మెల్లగా దానంతటదే పోతుంది. ఈ పని మొదలుపెట్టిన కొత్తల్లోనే ఆమె నేర్చుకున్న సంగతి అది.

"పద," అంది. "ఇప్పుడే వెళ్దాం. ఆస్పత్రి ఇంకా తెరిచే ఉంటుంది. చెప్పులేసుకో."

పిచ్చుక కదలబోయాడు.

ఫోన్ మోగింది.

మిషను పక్కన పళ్ళెంలో, తీగల చుట్టలమధ్య పిచ్చుక ఫోను వెలుగుతూ మోగుతూ వణుకుతోంది. వాడికి ఎడమపక్కన. తెర మీద పొడుగాయన పేరు. చప్పుడు వింటున్నాడు గాని, ఎక్కడుందో వాడికి తెలియలేదు. తల అటూ ఇటూ తిప్పాడు.

బావ చెయ్యి ఆలోచన కంటే ముందే లేచింది. నొప్పి చెయ్యే. నెలల తరబడి పడిన అలవాటు నోటికి కూడా వచ్చేసింది.

"నాది," అన్నాడు.

అన్న మరుక్షణం నాలిక్కరుచుకున్నాడు. అప్పటికే మాట గదిలో పడింది.

పిచ్చుక ఆయనకేసి తిరిగాడు. నిండుగా, తలమొత్తం తిప్పి చూశాడు. ఆ చూపులో కోపం ఉందో, ప్రేమ ఉందో, రెండూ ఉన్నాయో అక్కకు తెలియలేదు.

"కాదు బావా," అన్నాడు. "ఇది నాది."

చెయ్యి చాపాడు. అది మొదట గాల్లోకి పోయింది. తర్వాత మిషను అంచుకు కొట్టుకుంది. అక్క ఫోన్ తీసి వాడి చేతిలో పెట్టబోయి, బలవంతాన తన చేతులు వెనక్కి కట్టుకుంది. వాడి వేళ్ళు తీగల చుట్టల్ని తడిమాయి, కత్తెరను తడిమాయి, ఆఖరికి ఫోన్ మీద ఆగాయి.

"హలో," అన్నాడు పిచ్చుక. "ఆఁ, నేనే. చెప్పండి."

అవతలి గొంతు హుషారుగా ఏదో అడుగుతోంది. వాడు వింటున్నాడు. చెప్పులేసుకోలేదు ఇంకా.